పంతులమ్మ చేతిలో కాగితం

కొన్ని నెలలుగా వారానికి మూడు రోజులు, సాయంత్రం ఏడున్నరకి ఒక టీచరు మా ఇంటికి వస్తోంది. నేను రిటైరవక ముందు ఇద్దరం ఒకే మండలంలో పనిచేశాం. అమ్మాయి అనే పిలుస్తాను గానీ తనకి యాభై దాటాయి. డీఎస్సీ రాసి సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరి పాతికేళ్ళు కావస్తోంది. సంచీలో టెట్ గైడు, ఒక నోటుబుక్కు, కళ్ళజోడు. రాగానే "అక్కా, పది నిమిషాలు నడుం వాలుస్తా" అంటుంది. వాల్చదు. పుస్తకం తీస్తుంది.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విద్యాహక్కు చట్టం రాకముందే ఉద్యోగంలో చేరిన టీచర్లు కూడా, రిటైర్మెంటుకి అయిదేళ్ళ కంటే ఎక్కువ సర్వీసు ఉంటే, రెండేళ్ళలోపు టీచర్ ఎలిజిబిలిటీ టెస్ట్ పాసవ్వాలి. లేకపోతే ఉద్యోగం వదులుకోవాలి. అయిదేళ్ళ లోపు ఉన్నవాళ్ళు పరీక్ష లేకుండా కొనసాగవచ్చు గానీ ప్రమోషన్ అడగకూడదు. ఈ తీర్పు వచ్చాక ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి అడిగిన మొదటి మాట, "ఇన్నేళ్ళూ నేను టీచర్నే కదా అక్కా? నూట యాభై ప్రశ్నలు, నూట యాభై నిమిషాలు. దాంతో తేలుస్తారా ఇప్పుడు?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఎందుకంటే 2011లో మన రాష్ట్రంలో మొదటిసారి టెట్ పెట్టినప్పుడు స్టాఫ్ రూములో అది మంచిదేనని గట్టిగా వాదించినదాన్ని నేనే. ఆ రోజు అన్న మాటలు పూర్తిగా తప్పని ఈ రోజుకీ అనుకోవడం లేదు. అందుకే ఈ వ్యాసం. పంతులమ్మకి ఈ కాగితం ఎవరు, ఎందుకు, ఏ షరతుల మీద ఇస్తూ వచ్చారో ఒకసారి వెనక్కి వెళ్ళి చూద్దామనిపించింది.

*

ఈ దేశంలో టీచరుకి ట్రైనింగు ఉండాలన్న ఆలోచన ప్రభుత్వ విధానంగా స్థిరపడింది 1854 నాటి వుడ్ డిస్పాచ్‌తో. నార్మల్ స్కూళ్ళు పెట్టాలన్నారు, ప్రైవేటు బళ్ళకి గ్రాంట్లిస్తామన్నారు. గ్రాంటు డబ్బుతో పాటే తనిఖీ, పరీక్ష, సర్టిఫికెట్ అన్నీ వచ్చాయి. అప్పటిదాకా వీధిబడి పంతులుగారి అర్హత ఊరివాళ్ళు తేల్చేవాళ్ళు. ఆ తర్వాత సర్కారు తేల్చడం మొదలైంది. పందొమ్మిదో శతాబ్దం ముగిసే నాటికి బ్రిటిష్ ఇండియా మొత్తం మీద హైస్కూలు టీచర్లని తయారుచేసే ట్రైనింగ్ కాలేజీలు ఆరే ఆరు. అందులో ఒకటి మన రాజమండ్రిలో. గర్వపడాల్సిన విషయమే. కానీ ఆ కాలేజీల తలుపు ఎవరి కోసం తెరిచారంటే, చెప్పక్కర్లేదు, మగవాళ్ళ కోసం.

మరి ఆడపిల్లలకి చదువు చెప్పేదెవరు? కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారని మనం చదువుకున్నాం. ఆ కాలపు బాలికా పాఠశాలల్లో పాఠం చెప్పింది చాలావరకు మగ పంతుళ్ళే. పిల్లకి పదేళ్ళు దాటగానే మగ పంతులు ముందు కూర్చోకూడదని బడి మాన్పించేవాళ్ళు. బడి మానేసిన పిల్ల పంతులమ్మ కాలేదు. పంతులమ్మ లేదు కాబట్టి తర్వాతి పిల్లా బడి మానేసేది. ఈ గొలుసుని ఎక్కడ తెంచాలన్నదే అప్పటి ప్రశ్న.

ఎవరూ సర్టిఫికెట్ అడగకముందే దాన్ని తెంచిన స్త్రీ సావిత్రీబాయి ఫూలే. 1848లో పూనాలో బడి మొదలుపెట్టింది. అహ్మద్‌నగర్‌లోనూ, పూనా నార్మల్ స్కూల్లోనూ ఆమె శిక్షణ తీసుకుందని జీవిత చరిత్రకారులు రాశారు. ఆమె తోడుగా నిలిచిన ఫాతిమా షేక్‌ని కూడా మరిచిపోకూడదు. శూద్ర స్త్రీ, ముస్లిం స్త్రీ కలిసి పలక పట్టుకున్నాక పద్దెనిమిదేళ్ళకి, 1866లో, ఇంగ్లండు నుంచి మేరీ కార్పెంటర్ వచ్చి స్త్రీలకోసం నార్మల్ స్కూళ్ళు పెట్టమని ప్రభుత్వాన్ని ఒత్తిడి చేసింది. తర్వాతి సంవత్సరాల్లో మద్రాసు లాంటి చోట్ల ఒకటీ అరా మొదలయ్యాయి. చేరే ఆడవాళ్ళే దొరకలేదు.

1882లో హంటర్ కమిషన్ ముందు పండిత రమాబాయి సాక్ష్యమిచ్చింది. అప్పటికామె వయసు ఇరవై నాలుగు, వితంతువు, చేతిలో చిన్నపిల్ల. బాలికల బళ్ళకి స్త్రీలనే టీచర్లుగా వేయాలని, శిక్షణ కాలంలో వాళ్ళకి స్కాలర్‌షిప్పులివ్వాలని, మగపిల్లల బళ్ళలో టీచర్ల కంటే వాళ్ళకి జీతం ఎక్కువుండాలని అడిగింది. తనిఖీకి కూడా స్త్రీలే కావాలంది. మంచి కుటుంబాల నుంచి వచ్చిన స్త్రీలు కావాలని కూడా అందనుకోండి, ఆ పరిమితి ఆమెకుంది. కానీ ఒక స్త్రీ శిక్షణ గురించి మాట్లాడినప్పుడు మొదట గుర్తొచ్చినవి డబ్బు, వసతి, జీతం అన్నది గమనించండి. తర్వాత వచ్చిన కమిటీలు సిలబస్ గురించీ, కోర్సు కాలం గురించీ వాల్యూములు రాశాయి. ఆ కోర్సు చదివే మనిషి ఇంట్లో అన్నం ఎవరు వండుతారో అడిగినవాళ్ళు తక్కువ.

*

సర్కారుకి పంతులమ్మలు కావాలి. పెళ్ళయిన స్త్రీని మొగుడు పంపడు, పెళ్ళికాని పెద్దపిల్లలు లేరు. మిగిలింది వితంతువులు. తల గొరిగించి వంటింటి మూల కూర్చోబెట్టిన ఆడవాళ్ళు ఒక్కసారిగా విద్యాశాఖ కంటికి ఆనారు. మద్రాసులో సిస్టర్ సుబ్బలక్ష్మి కథ ఇదే. ఆమే బాలవితంతువు. 1911లో డిగ్రీ పూర్తిచేసింది. 1912లో బాలవితంతువుల కోసం ఒక హాస్టల్ మొదలుపెట్టింది. అది తర్వాత మెరీనా ఒడ్డున ఐస్‌హౌస్‌కి మారింది. అక్కడి పిల్లల్ని చదివించి టీచర్లని చేయడమే లక్ష్యం. 1922లో లేడీ విల్లింగ్డన్ ట్రైనింగ్ కాలేజీ వచ్చినప్పుడు ఆమే మొదటి ప్రిన్సిపాల్. అదే ఏడు గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు శారదా నికేతనం స్థాపించారు. ఆ సర్టిఫికెట్ తెల్లచీర కట్టిన మనిషికి జీతం తెచ్చింది, సొంత గది తెచ్చింది, వీధిలో నడిచే హక్కు తెచ్చింది. దాన్ని తక్కువ చేయలేం.

కానీ ఐస్‌హౌస్ హాస్టల్ బ్రాహ్మణ వితంతువుల కోసమే నడిచింది. అదే కాలంలో నెల్లూరు, ఒంగోలు, గుంటూరు మిషన్ బోర్డింగు స్కూళ్ళలో మాల మాదిగ కుటుంబాల ఆడపిల్లలు చదువుకుని, ట్రైనింగై, పల్లెబళ్ళకి వెళ్ళారు. తెలుగునేల మీద పంతులమ్మ చరిత్ర రాస్తే ఆ క్రైస్తవ టీచరమ్మల పేర్లు మొదటి పుటల్లో ఉండాలి. సంస్కరణోద్యమ చరిత్రల్లో వాళ్ళు దాదాపుగా కనిపించరు. సర్టిఫికెట్ ఒకటే అయినా ఒకరిది త్యాగం అనిపించుకుంది, ఇంకొకరిది మతం మారినందుకు దొరికిన కూలి అనిపించుకుంది.

*

మా ఇంట్లోకి ఈ కాగితం పెద్దమ్మతో వచ్చింది. అమ్మకి అక్క. పెళ్ళయిన నాలుగేళ్ళకే పెదనాన్న ఆవిడని పుట్టింట్లో దింపి మళ్ళీ రాలేదు. చదువు అయిదో తరగతి. ఇరవై ఆరేళ్ళ మనిషి, అన్నదమ్ముల ఇంట్లో పెరడూ దొడ్డీ చూసుకుంటూ బతికేస్తుందనే అందరూ అనుకున్నారు.

1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు కండెన్స్‌డ్ కోర్సులు ప్రారంభించింది. దాని వెనక ఉన్నది దుర్గాబాయి దేశ్‌ముఖ్. తనకి ఎనిమిదేళ్ళకే పెళ్ళయింది, పెద్దయ్యాక దాన్ని కాదని బయటికొచ్చింది, కాలేజీ చదువు ఆలస్యంగా చదివింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి బెనారస్ మెట్రిక్యులేషన్‌కి ఆడవాళ్ళని తయారుచేసిన అనుభవం ఆమెది. పల్లెల్లో టీచర్లు కావాలి, నర్సులు కావాలి, గ్రామసేవికలు కావాలి, కానీ ఆ ట్రైనింగుల్లో చేరడానికి కావలసిన చదువున్న స్త్రీలు లేరు. అర్హత తగ్గించమని ఆమె అడగలేదు. ఆగిపోయిన చదువుని పెద్దవయసులో రెండేళ్ళలో పూర్తిచేసుకునే దారి వేసింది. హాస్టల్‌తో, స్టైపెండుతో. ఆ సంవత్సరాల్లోనే స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకీ ఆమే అధ్యక్షురాలు.

పెద్దమ్మ అలాంటి ఒక కోర్సులో చేరింది. మెట్రిక్ అయ్యాక ట్రైనింగ్ స్కూలు. ఆవిడ చెప్పే కబుర్లన్నీ అక్కడివే. క్రిటిసిజం లెసన్ రోజు చేతులు వణికి సుద్దముక్క మూడుసార్లు కిందపడిందట. నల్లబల్ల మీద అక్షరాలు వాలిపోకుండా రాయడం నేర్పింది పక్కమంచం అమ్మాయి. మిషన్ బోర్డింగులో పెరిగిన పిల్ల. మొదటి నెల ఆ పిల్ల ముట్టుకున్న నీళ్ళు పెద్దమ్మ తాగలేదు. "దాని చెయ్యి పట్టుకునే నేను రాత దిద్దుకున్నానే. ఆ చేతి నీళ్ళు మాత్రం వద్దన్నాను" అని ముసలితనంలో చెప్పి తలదించుకునేది.

ఆవిడ పోయాక ట్రంకుపెట్టెలో ఆ సర్టిఫికెట్ దొరికింది. మడతల దగ్గర చిరిగితే లోపల్నుంచి సన్నబట్ట అంటించింది. అందులో ఆవిడ పేరు తర్వాత "ఫలానా వారి భార్య" అని ఉంది. వదిలేసిపోయినవాడి పేరు. ముప్పై ఏళ్ళు ఆ కాగితంతోనే ఆవిడ జీతం తీసుకుంది, మమ్మల్ని చదివించింది.

ఆనాటి మెట్లు వేరు. ఎనిమిదో తరగతి మీద ట్రైనింగైతే హయ్యర్ గ్రేడు, ఎస్సెల్సీ మీదైతే సెకండరీ గ్రేడు. ఒకటో తరగతి పిల్లలకి అఆలు నేర్పే మనిషిని ఇప్పటికీ సెకండరీ గ్రేడ్ టీచర్ అంటున్నామంటే ఆ పాత కాగితం పేరే మిగిలిపోయింది. "మీరు ట్రైన్డా, అన్‌ట్రైన్డా?" అన్నది ఊళ్ళో పంతులమ్మని అడిగే మొదటి ప్రశ్న. ఆ జవాబుని బట్టి గౌరవం, జీతం, పెళ్ళి సంబంధాలు కూడా.

*

నా వంతు వచ్చేసరికి నా చేతిలో కాగితం ఉంది. టీటీసీ చేశాను. 1980ల మధ్యలో ఉద్యోగం ఇచ్చారు. కానీ టీచరుగా కాదు, స్పెషల్ టీచరుగా. నెలకి 398 రూపాయలు. పక్క గదిలో అదే సిలబస్ చెప్పే రెగ్యులర్ మాస్టారికి స్కేలు, ఇంక్రిమెంట్లు. నాకు ఏవీ లేవు. "398 టీచర్లు" అనే మాట మా తరంలో కులం పేరులా స్థిరపడిపోయింది. పాపకి పాలిచ్చే రోజుల్లో ఏ సెలవూ లేకుండా రెండు బస్సులు మారి వెళ్ళాను. ఆ కాలం సర్వీసులో కలపమని ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకున్నాం. అంటే కాగితం ఉన్నా చాలదు, ప్రభుత్వానికి డబ్బు లేనప్పుడు అది చెల్లదు.

తర్వాత ఇంకో వైపు చూశాను. 1990ల చివర్లో విద్యా వాలంటీర్లు వచ్చారు. గౌరవ వేతనం కాబట్టి చాలామంది పెళ్ళయిన అమ్మాయిలే చేరేవాళ్ళు. వాళ్ళలో ట్రైనింగు లేనివాళ్ళని కూడా తరగతి గదిలోకి పంపినప్పుడు ఎవరికీ అర్హత గుర్తురాలేదు. మరోపక్క ఊరూరా వెలసిన కాన్వెంట్లలో ఇంటర్ చదివిన ఆడపిల్లలు వెయ్యికీ రెండు వేలకీ చాకిరీ చేశారు. 2017లో చట్టం సవరించి 2019 మార్చి 31 లోపు అందరూ డిప్లొమా చేయాలని గడువు పెడితే, దేశం మొత్తం మీద 13 లక్షలకి పైగా టీచర్లు ఓపెన్ స్కూలు నడిపిన కోర్సులో నమోదయ్యారు. ఇంతమందిని ట్రైనింగు లేకుండా ఎవరు పనిలో పెట్టుకున్నారు? అన్ని సంవత్సరాలు వాళ్ళ చవక జీతం మీద ఎవరు లాభపడ్డారు? గడువు మాత్రం టీచరుకే పెట్టారు.

నిబంధనలు గట్టిపడిన క్రమం మనకి తెలిసిందే. 1986 విద్యా విధానం తర్వాత జిల్లాకొక డైట్ వచ్చింది. ఆపరేషన్ బ్లాక్‌బోర్డులో ప్రతి బడికీ కనీసం ఇద్దరు టీచర్లు, వీలైతే ఒకరు స్త్రీ అన్నారు. 1993 చట్టంతో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలికి అధికారాలొచ్చాయి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆ ఆగస్టు 23న మండలి టెట్‌ని తప్పనిసరి చేసింది. గ్రాడ్యుయేట్లకి ఏడాది ట్రైనింగు అని 1904లో కర్జన్ తీర్మానం చెప్పిన మాట బీఎడ్ విషయంలో 110 ఏళ్ళు నడిచి, 2015లో రెండేళ్ళయింది. 2018లో బీఎడ్ వాళ్ళూ అయిదో తరగతి లోపు చెప్పవచ్చన్నారు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కుదరదంది. చిన్నపిల్లలకి చెప్పడం వేరే విద్య అన్నది ఆ తీర్పు సారాంశం. నేను ఒప్పుకుంటాను. కానీ మధ్యలో అయిదేళ్ళు ఆ మాట నమ్మి, పుస్తెలు కుదువపెట్టి బీఎడ్ ఫీజు కట్టిన అమ్మాయిలకి ఎవరు జవాబుదారీ?

2020 జాతీయ విద్యా విధానం ఇంకో అడుగు వేసింది. 2030 నాటికి నాలుగేళ్ళ ఇంటిగ్రేటెడ్ బీఎడ్ కనీస అర్హత కావాలంది. డిగ్రీ అయినవాళ్ళకి చిన్న కోర్సులు కూడా ఉంచుతామంది. మంచిదే. కానీ దృష్టంతా పద్దెనిమిదేళ్ళకే నేను టీచర్నవుతానని తేల్చుకోగలిగిన మనిషి మీద ఉంది. మన ఆడవాళ్ళలో ఎంతమంది ఆ వయసులో తమ జీవితాన్ని తాము తేల్చుకున్నారు? పెద్దమ్మ ఇరవై ఆరుకి, దుర్గాబాయి పెళ్ళిని కాదన్నాక, సుబ్బలక్ష్మి వైధవ్యం తర్వాత. మన పంతులమ్మలు చాలామంది ఆలస్యంగా వచ్చినవాళ్ళు. జీవితం ఒకసారి తలకిందులయ్యాక వచ్చినవాళ్ళు.

*

మళ్ళీ మా అమ్మాయి దగ్గరికి వస్తాను. అత్తగారు మంచం పట్టి మూడేళ్ళయింది. పొద్దున్న క్యారేజీలు, బళ్ళో పాఠాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫోన్లో ఫొటోలు, హాజరు. రాత్రి పదింటికి పుస్తకం. వాళ్ళ బళ్ళోనే పనిచేసే మాస్టారు నెల సెలవు పెట్టి పట్నంలో కోచింగుకి వెళ్ళాడు. ఈమె సెలవులన్నీ అత్తగారి ఆసుపత్రికి అయిపోయాయి. పరీక్ష ఇద్దరికీ ఒకటే. చదువుకునే గంటలు మాత్రం ఒకటి కాదు.

ఇలా రాసుకుంటూ పోతే ఆ తీర్పు అన్యాయమని ముగించవచ్చు. కానీ పోయిన నెల జరిగిన సంగతి నన్ను అంత సులువుగా ముగించనివ్వడం లేదు. శిశు వికాసం చదువుతూ డిస్లెక్సియా దగ్గర ఆగిపోయింది. అక్షరాలు తిరగేసి రాయడం, చదువుతూ వరస తప్పడం. కళ్ళజోడు తీసి చాలాసేపు కూర్చుంది. "2009లో ఒక పిల్ల ఉండేదక్కా నా క్లాసులో. నోటితో అడిగితే అన్నీ చెప్పేది. రాయమంటే తలకిందులు. మొద్దుమొహం అన్నాను. కొట్టాను కూడా. నాలుగులో మానేసింది. ఇదే కదా అది?" అంది. కావచ్చు అన్నాను. నా క్లాసుల్లోనూ అలాంటివాళ్ళు ఉండే ఉంటారు. నేనూ కొట్టినదాన్నే.

ఆ పిల్ల ఒక దళిత కూలీ కూతురు. ట్రైనింగు లేని టీచరు వల్ల, పాత ట్రైనింగుతో ఆగిపోయిన టీచరు వల్ల నష్టపోయేది అలాంటి పిల్లలే. డబ్బున్నవాళ్ళ పిల్లలకి ట్యూషనుంది, డాక్టరుంది. అందుకని "అనుభవం చాలు, మమ్మల్ని వదిలేయండి" అని నేను అనలేను. 2011లో స్టాఫ్ రూములో నేను వాదించింది ఆ పిల్ల తరఫునే.

అయితే ఆ పాఠం ఆమెకి 2009కి ముందే ఎందుకు అందలేదు? పాతికేళ్ళలో ఎన్ని ఓరియెంటేషన్లకి పిలిచారు, వాటిలో ఎన్నిట్లో సంతకాలు పెట్టించుకుని టీ ఇచ్చి పంపారు? ఆ వాక్యం చదివి ఆమెకి గుర్తొచ్చిన ఆ పిల్లని టెట్ అడగదు. నాలుగు ఆప్షన్లలో సరైనది గుర్తిస్తే ఒక మార్కు ఇస్తుంది. ఆమె నేర్చుకున్నది మాత్రం నా ముందు, రాత్రి తొమ్మిదింటికి, ఏడుపు ఆపుకుంటూ నేర్చుకుంది.

కాబట్టి మనం, ముఖ్యంగా ఎడ్యుకేషన్ డిపార్టుమెంట్లలో ఉన్న స్త్రీలం, అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. సర్వీసులో ఉన్నవాళ్ళకి డైట్‌లలో, పని వేళల్లో, జీతంతో కూడిన శిక్షణ. తరగతి గదిలోకి వచ్చి చూసే మూల్యాంకనం, ఆ చూసేవాళ్ళలో చిన్నపిల్లలకి చదువు చెప్పిన స్త్రీలు. ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం ఇప్పటి కాలానికి తగిన కండెన్స్‌డ్ కోర్సులు. ఇవి కొత్త కోరికలేం కావు. 1882లో రమాబాయి, 1958లో దుర్గాబాయి అడిగినవే.

మొన్న సాయంత్రం ఆ అమ్మాయి నన్ను ప్రశ్నలు అడగడం మానేసి వేరే పుస్తకం తీసింది. పాత హాజరు పట్టీల్లోంచి రాసుకొచ్చుకున్న పేర్లు. ఆ పిల్ల ఊరేదో కనుక్కుందట. ఇప్పుడు తనకో కొడుకున్నాడు, ఒకటో తరగతి. "పరీక్ష సంగతి తర్వాత అక్కా. వాడు ఎలా రాస్తున్నాడో ఒకసారి చూసొస్తా. నాతో వస్తావా?" అంది.

ఆదివారం వెళ్తున్నాం.